జుట్టు మాడ్చిన పుస్తకం

మొక్‌పో రేవు వెనక సందులో గ్యేసున్ చెయ్యి పడని ఆడతల లేదంటే నమ్మండి. ఎండుచేపలు అమ్మేవాళ్లు, లాంచీ టిక్కెట్లు చింపేవాళ్లు, కోడలి మీద అలిగి ఇల్లు వదిలి వచ్చినవాళ్లు, ఎవరైనా సరే చివరికి ఆ పార్లర్లోనే తేలతారు. మూడు కుర్చీలు, మూడు అద్దాలు, వెచ్చటి నేల మీద పరిచిన ఒక పాత పరుపు, ఎప్పుడూ పొయ్యి మీద కాగుతుండే బార్లీ నీళ్లు. ముప్ఫై ఏళ్లుగా అంతే. గ్యేసున్ కూడా అంతే. పొట్టి మనిషి, గట్టి గొంతు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం.

మిగతా పార్లర్లకీ దీనికీ ఒకటే తేడా. అక్కడ అద్దం ముందు సినిమా తారల బొమ్మలున్న మెరుపు కాగితాల పత్రికలు ఉంటాయి. ఇక్కడ అలాంటిది ఒక్కటి కనపడదు. అద్దాల పక్కన తువ్వాళ్ల కోసం చేయించిన అలమరలో తువ్వాళ్లని కింది అరకి తోసేసి, పై అరలన్నీ సన్నసన్నటి పుస్తకాలతో నింపేసింది. ఆ రాసినవాళ్ల పేర్లు వాళ్ల ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియవు. సొంత డబ్బులు పెట్టి అచ్చు వేయించుకుని, సొంత భుజాల మీద మోసుకుని అమ్ముకునేవాళ్లు. రాత్రి కాపలావాడు ఒకడు తను కాపలా కాసిన ఖాళీ అపార్ట్‌మెంట్ గురించి రాశాడు. చంద్రుణ్ణి అద్దెకిచ్చే ఊరి మీద ఒక బ్యాంకు గుమాస్తా నవల రాసింది. చెవుడొచ్చిన తండ్రితో గడిపిన రోజుల మీద ఒకావిడ రాసింది చదివితే, నవ్వుతూ నవ్వుతూనే ముక్కు చీదుకుంటాం.

ఈ పిచ్చి గ్యేసున్‌కి ఎలా పట్టిందంటే, ఎప్పుడో రాజధాని సోల్ నించి వచ్చిన ఒక పిల్ల జుట్టు కత్తిరించుకుని, చేత్తో కుట్టిన పుస్తకమొకటి కుర్చీలో మర్చిపోయింది. చచ్చిపోయిన మేనత్త ఇల్లు సర్ది ఖాళీ చేసిన కథ అది. తిరిగొస్తే ఇచ్చేద్దామని పక్కన పెట్టింది గ్యేసున్. ఒక పేజీ చూసి పెడదామనుకుంది. అలా నేల మీద కూర్చుని ఆఖరి పేజీ దాకా లేవలేదు. అందులో గొప్పవాళ్లు ఎవరూ లేరు. అట్టపెట్టెల్లో పాత గిన్నెలు సర్దుతున్న ఒక మామూలు మనిషి, అంతే. "ఇలాంటివి ఇంకా ఎన్ని మూలల్లో పడి ఉన్నాయో!" అని ఆ రోజు వచ్చిన తలకల్లా చెప్పింది. ఆ పిల్ల మళ్లీ రాలేదు. పుస్తకం ఇప్పటికీ ఇక్కడే ఉంది.

తర్వాత వాకబు చేస్తే తెలిసింది, ఇలాంటివాళ్లంతా ఏడాదికి రెండుసార్లు గ్వాంగ్జులో ఒక పాత నేత మిల్లు షెడ్డులో బల్లలు వేసుకుని కూర్చుంటారని. అప్పట్నించీ ఆ ఆదివారాలు పార్లరుకి తాళం. పొద్దున్నే బస్సెక్కి పోతుంది. పోయినామె మర్యాదగా నాలుగు పేజీలు తిరగేసి వస్తుందా అంటే, ఊహూఁ. బల్ల ముందు నిలబడి, చేతికందిన పుస్తకం మధ్యలో ఎక్కడో తెరిచి, రాసినవాడి ఎదుటే గొంతెత్తి చదువుతుంది! షెడ్డు షెడ్డంతా తిరిగి చూస్తుంది. రాసినవాళ్ల చెవులు ఎర్రబడిపోతాయి. కొందరు బల్ల కింద ఏదో వెతుక్కుంటారు.

ఆమె లెక్క ఆమెది. పార్లర్లో ఆమె చదివితే మిగతావాళ్లు వింటారు. తలకి రంగులూ మందులూ, కళ్లజోళ్లు తీసి పక్కన, ఇక వాళ్లేం చదువుతారు? కాబట్టి ఏ పుస్తకమైనా చెవికి ఆనాలి. జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చినవాళ్లకి చిన్న ముక్కొకటి. రంగు వేయించుకునేవాళ్లకి ఒక కథ. గిరజాలు తిప్పించుకునేవాళ్లయితే పండగే. తలనిండా రోలర్లు చుట్టి, మందు పూసి, పైన ప్లాస్టిక్ టోపీ పెట్టాక రెండు గంటలు ఎక్కడికి పోతారు? పెద్ద పుస్తకాలన్నీ వాళ్లకే.

పోయిన శరదృతువులో అలా పోయినప్పుడే, షెడ్డులో చివరి బల్ల దగ్గర షిమ్ ఇన్‌గ్యు అనే ఆయన కనపడ్డాడు. యాభై దాటిన మనిషి, గొంతుక్కి మఫ్లరు, తలెత్తి ఎవరినీ చూడడం లేదు. పియానోలు సరిచేసే పని ఆయనది. మన రేవు బయట వందల దీవులున్నాయి కదా, పిల్లలు లేక ఆ దీవుల్లో బళ్లు మూతపడుతుంటే, లోపల పియానోలు మిగిలిపోతున్నాయట. ఎవరూ పిలవకపోయినా లాంచీ ఎక్కి పోయి, తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని, ఆ పియానోని శ్రుతి చేసి, దాని కథ ఊళ్లోవాళ్లని అడిగి రాసుకొచ్చాడు. ఒక్కో దీవికి ఒక్కో అధ్యాయం.

గ్యేసున్ అలవాటు ప్రకారం తెరిచి చదవడం మొదలెట్టింది. ఇన్‌గ్యు మొహం కందగడ్డ అయింది.

"మీరు పక్కకి వెళ్లి ప్రశాంతంగా చదువుకోవచ్చండీ" అన్నాడు.

"పక్కకి పోతే నీకెలా వినపడుతుందయ్యా? రాసింది ఎలా ఉందో నువ్వూ విను. ఇదిగో, ఈ ముక్క బాగుంది. ఇది మళ్లీ చదువుతాను."

"అది... అది తీసేద్దామనుకున్నానండీ."

"అది గనక తీసేసుంటే నీ బల్ల ముందు ఇంతసేపు నిలబడేదాన్నా? ఎన్ని పోయాయి పొద్దుట్నించి?"

"మీరే బోణీ."

"నా చెయ్యి మంచిది. రెండోది ఎప్పుడు రాస్తావు?"

"ఇదే ఎవరూ చదవందే రెండోదెందుకండీ" అన్నాడాయన, అదేదో వాతావరణం గురించి చెప్పినట్టు.

"మాట్లాడకు. మొక్‌పోలో ఇరవై తలలు వింటాయి దీన్ని. నేను ఎంచింది ఇంతవరకూ తప్పిపోలేదు" అంది గ్యేసున్, పుస్తకం సంచిలో పెట్టుకుంటూ. ఇంటికొచ్చి ఒక్క బిగిని పూర్తి చేసి, "ఇది గిరజాల పుస్తకం" అని తేల్చింది. దాని మొదటి వినికిడికి సరైన తల కోసం ఆగింది కూడా.

ఆ తల మున్‌సమ్ అక్కది. అసలు పేరు ఆవిడకే గుర్తుందో లేదో. మున్‌సమ్ దీవి నించి ఇటు కాపురానికి వచ్చింది కాబట్టి అందరికీ మున్‌సమ్ ఆవిడ, గ్యేసున్‌కి మాత్రం అక్క. అరవై ఎనిమిదేళ్లు, రేవు బజారు మొత్తాన్ని ఒంటినోటితో నడిపిస్తుంది. గ్యేసున్ ఈ సందులో కొట్టు తెరిచిన రోజు ఒక్క తలా రాకపోతే, "ఏమే, ఖాళీగా ఉన్నావా?" అంటూ వచ్చి మొదటి కుర్చీలో కూర్చున్నది ఆవిడే. మర్నాడు బజారుని వెంటపెట్టుకొచ్చింది. ఆవిడ ఇంట్లో ఏ పెళ్లయినా జడలూ కొప్పులూ గ్యేసున్‌వే. వాళ్లిద్దరూ అప్పచెల్లెళ్లు కారంటే కొత్తవాళ్లు ఒప్పుకోరు.

ఇంకో నెల్లాళ్లలో ఆవిడ చిన్నకొడుకు పెళ్లి. పెళ్లికొడుకు తల్లి అంటే పాతకాలపు తీరులో కుట్టించిన నీలం పట్టు హాన్‌బోక్ కట్టి, జుట్టు వెనక్కి ఎత్తి కొప్పు పెట్టి, హాల్లో ముందు వరసలో కూర్చోవాలి. పల్చబడిన జుట్టుకి కొప్పు నిలవాలంటే ముందు గిరజాలు తిప్పి ఒత్తు తేవాలి. అందుకే వచ్చింది. ఆ రోజు పక్క కుర్చీలో ఎండుచేపల పిల్‌సున్ రంగు వేయించుకుంటోంది. పరుపు మీద ఇంకో ఇద్దరు చిలగడదుంపలు ఒలుచుకు తింటున్నారు.

రోలర్లు చుట్టి, మొదటి మందు పూసి, టోపీ పెట్టి, పైన వేడి గాలి యంత్రం దించి, టైము అవగానే మోగే గంట పెట్టింది గ్యేసున్. పుస్తకం తీసింది.

"ఈసారి ఎవడే? కాపలావాడా, బస్సువాడా?" అంది మున్‌సమ్ అక్క.

"పియానోలవాడు. నీకో బహుమతి ఉంది ఇందులో. నీ దీవి ఉంది."

"మా దీవిలో పియానోనా! మేక కూడా సరిగ్గా అరవదే అక్కడ" అంది అక్క. అందరూ నవ్వారు.

గ్యేసున్ చదివింది.

"మున్‌సమ్ బడికి పియానో వచ్చిన రోజు సముద్రం బాగా లేదట. మగవాళ్లంతా వేటకి పోయి ఉన్నారు. పడవ ఒడ్డుకి రాలేక దూరంగా ఆగిపోయింది. పడవవాడు వెనక్కి తీసుకుపోతానన్నాడు. అప్పుడు ఊళ్లో ఆడవాళ్లు నీళ్లలోకి దిగారు. అందరికంటే ముందు దిగినావిడ పేరు ఎవరూ చెప్పలేకపోయారు కానీ, కాళ్లకి మగవాళ్ల రబ్బరు బూట్లు ఉన్నాయని, ఎడమ బూటుకి సైకిలు ట్యూబు ముక్కతో అతుకు ఉందని ముగ్గురు ముసలివాళ్లు ఒకే మాట చెప్పారు."

"ఆగు" అంది మున్‌సమ్ అక్క. "ఆ బూట్ల ముక్క మళ్లీ చదువు."

గ్యేసున్ మళ్లీ చదివింది.

"మళ్లీ."

మళ్లీ చదివింది. గంట మోగింది. "ఆ గంట నోరు నొక్కండర్రా, పియానో నీళ్లలో పడేట్టుంది!" అని అరిచింది పిల్‌సున్. పరుపు మీదావిడ దుంప చేత్తోనే గంట నోరు నొక్కింది. "ఈ పేజీ అవగానే లేస్తాను" అంది గ్యేసున్. పేజీ అయింది. ఎవరూ లేవమనలేదు. పడవ మీంచి రెండు పలకలు వేశారు, పియానో పలకల మీదకి జరిగింది, పెద్ద అల ఒకటి వచ్చింది, బూట్లావిడ మెడ దాకా మునిగింది...

అప్పుడు వాసన వచ్చింది.

గ్యేసున్ పుస్తకం పారేసి యంత్రం ఎత్తేసింది. టోపీ లాగింది. మొదటి రోలరు విప్పితే, రోలరుతో పాటే జుట్టూ వచ్చేసింది. రెండోదీ అంతే. నీళ్లు పోసి, మొదటిదాన్ని విరిచే రెండో మందు పోసి, చేతనైనవన్నీ చేసింది. అన్నీ అయ్యాక అద్దంలో చూస్తే మున్‌సమ్ అక్క తల మీద అక్కడక్కడా తుప్పలు మిగిలాయి, మేకలు మేసిపోయిన గట్టులాగా.

"నా కొడుకు పెళ్లే" అంది మున్‌సమ్ అక్క. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"తప్పు నాదక్కా. నా చెయ్యే చేసింది. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను."

మున్‌సమ్ అక్క కోపిష్టిదే గానీ చెడ్డది కాదు. ముప్ఫై ఏళ్ల చెల్లెల్ని ఒక్క రోజులో తెంచుకోవడం ఆవిడకీ ఇష్టం లేదు. దారి ఆవిడే వెతికింది.

"నీ చెయ్యి ఇన్నేళ్లలో ఎవరి తలా పాడుచెయ్యలేదు. చేసింది ఆ దిక్కుమాలిన పుస్తకం. ఊరూ పేరూ లేనివాళ్లు రాసిన చెత్తంతా ఇంట్లో పోగేశావు. ఇది చెత్త అని ఇంతమందిలో ఒక్క మాట అను. ఆ అలమర ఖాళీ చెయ్యి. నేను టోపీ పెట్టుకుని పెళ్లికి పోతాను, ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తను."

ఎంత మంచి బేరం! నేనైతే ఆవిడ మాట పూర్తయ్యేలోపే అనేసి ఉండేదాన్ని. మీరూ అనేసి ఉండేవారు, బుకాయించకండి. పిల్‌సున్ వెనకనించి అనమని సైగలు కూడా చేసింది.

"పుస్తకం మంచిదక్కా" అంది గ్యేసున్. "తప్పు నాదే. నా తప్పు దాని నెత్తిన రుద్దలేను."

మున్‌సమ్ అక్క లేచింది. తలకి తువ్వాలు చుట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "అయితే నీకు నీ పుస్తకమే చెల్లెలూ అక్కానూ" అని పోయింది.

ఆవిడ వెంట సగం బజారు పోయింది. మిగిలిన సగం వచ్చి కూర్చునేవారు గానీ, "ఏమే, ఇవాళ చదవకు, నాకు కాసిని వెంట్రుకలు ఉన్నాయి" అని ముందే చేతులు జోడించేవారు. చిన్న టీవీ ఒకటి ఎక్కడినించో తెచ్చి పెట్టారు. పగలంతా ఏడుపు సీరియళ్లు. గ్యేసున్ నోరు మూసుకుని కత్తిరించేది, చుట్టేది, కడిగేది. అలమర జోలికి పోలేదు, ఒక్క పుస్తకమూ కిందికి దించలేదు. సాయంత్రాలు వెనక గదిలో తువ్వాళ్లు ఉతుకుతూ ఏడ్చేది. పక్కింట్లోంచి నేను విన్నాను కాబట్టి చెబుతున్నాను. అక్క లేని కొట్టు ఆవిడకి కొట్టులా లేదు.

"అనేస్తే పోయేదేముందే?" అని ఒకరోజు పిల్‌సున్ తగులుకుంది. "పుస్తకానికేమన్నా చెవులున్నాయా?"

"రాసినవాడికి ఉన్నాయి."

"ఆయన గ్వాంగ్జులో ఉన్నాడు. ఇక్కడ అన్నది అక్కడెవడికి వినపడుతుందీ?"

గ్యేసున్ కత్తెర పక్కన పెట్టింది. "పిల్‌సున్, విను. పేరున్నవాడి పుస్తకాన్ని నేను చెత్తంటే వాడికి ఒక్క వెంట్రుకా ఊడదు. పేపర్లున్నాయి, షాపులున్నాయి, వందమంది మంచిదని చెబుతారు. ఈయనకి ఉన్నది నా నోరొకటే. అది కూడా తిప్పేశాననుకో, ఇక ఆ పుస్తకం లేనట్టే. నా స్నేహం కోసం ఒకడి పుస్తకాన్ని చంపమంటావా?"

"అబ్బో, పెద్ద జడ్జిగారు!" అంది పిల్‌సున్. అంతలోనే గొంతు తగ్గించింది. "సరేలే. ఇంతకీ పియానో ఒడ్డు చేరిందా?"

"చెప్పను."

"ఒసేయ్, నాకు నిద్ర పట్టట్లేదే!"

"అక్క తల మీద మొదలెట్టిన అధ్యాయం. అక్క లేకుండా ముగించను. ఎవరడిగినా ఇదే మాట."

పెళ్లికి గ్యేసున్‌కి పిలుపు రాలేదు. శుభలేఖ పక్కింటికి వచ్చింది, ఎదురింటికి వచ్చింది, ఈ గుమ్మం దాటి పోయింది. మున్‌సమ్ అక్క స్టేషను దగ్గర పెద్ద పార్లర్లో విగ్గు కుదుర్చుకుందని పిల్‌సున్ కబురు మోసుకొచ్చింది. పెళ్లి రోజు పొద్దున్నే గ్యేసున్ రోజూకంటే ముందే కొట్టు తెరిచి, మొదటి కుర్చీ తుడిచి, నీళ్లు వేడి చేసింది. ఎందుకని అడిగితే, "ఊరికే" అంది.

ఎనిమిది కాలేదు, కారొకటి సందు మొదట్లో ఆగింది. నీలం పట్టు హాన్‌బోక్ రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, తల మీద విగ్గుతో మున్‌సమ్ అక్క దిగింది. విగ్గు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. తిన్నగా లోపలికొచ్చి, మొదటి కుర్చీలో కూర్చుని, విగ్గు పీకి బల్ల మీద విసిరింది.

"గుడ్లు పెట్టే కోడిని నెత్తిన పెట్టుకున్నట్టుంది. వంగితే జారుతుంది, నవ్వితే జారుతుంది. కొడుకు పెళ్లిలో నవ్వకుండా కూర్చోవాలా నేను? ఏదో ఒకటి చెయ్యి."

గ్యేసున్ ఆ తలని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మాడిన తుప్పల కింద కొత్త జుట్టు తెల్లగా, ఒత్తుగా, వేలి మందాన మొలుస్తోంది. చెయ్యి పెడితే ముఖమల్‌లా ఉంది. ఆమెకి ధైర్యం మళ్లీ ఒంట్లోకి వచ్చింది.

"కొప్పు లేదు, విగ్గు లేదు. మొత్తం పొట్టిగా తీసేస్తాను. ఒప్పుకుంటావా?"

"పట్టు కట్టుకుని గుండుతోనా? నలుగురూ నవ్వుతారే."

"నా చెయ్యి పడ్డ తలని చూసి నవ్వేది ఎవరో రమ్మను. నీ తల ఆకారం రాణీలకుండేది. ఇన్నేళ్లూ గిరజాల కింద దాచావు."

"ఊఁ. కానీ."

కత్తెర మొదలైంది. బయట పెద్దకొడుకు కారు హారను ఒకసారి మోగించాడు. మున్‌సమ్ అక్క అద్దంలో గ్యేసున్‌ని కాకుండా పక్కన అలమరని చూస్తోంది.

"పెద్ద పుస్తకాల షాపుకి వెళ్లాను" అంది ఉన్నట్టుండి.

గ్యేసున్ చెయ్యి ఆగింది.

"ఆ పియానోలవాడి పుస్తకం ఇమ్మన్నాను. కుర్రాడు కంప్యూటర్లో కొట్టి చూసి, అలాంటి పుస్తకం లేదమ్మా అన్నాడు. ఇంకో షాపుకి పోయాను. వాడూ కొట్టి చూసి, దేశం మొత్తంలో అలాంటిదే లేదు పొమ్మన్నాడు. లేకపోవడమేమిట్రా, ఇదిగో నా జుట్టు తినేసింది చూడు అని టోపీ తీసి చూపించాను. పాపం, కుర్చీ తెచ్చి వేశాడు."

గ్యేసున్ నవ్వు ఆపుకోలేకపోయింది. "వాళ్ల కంప్యూటర్లో ఇలాంటివి ఉండవక్కా. రాసినవాడి బల్ల మీదా, నా అలమరలోనూ ఉంటాయి. అయినా చెత్త కదా, ఎందుకు వెతికావు?"

ఈసారి మున్‌సమ్ అక్క గొంతులో బజారు నడిపించే ఆవిడ లేదు.

"ఆ బూట్లు మా నాన్నవే. ఎడమదానికి అతుకు వేసింది నేను. నాకు పెళ్లి చేసి ఇటు పంపిన మరుసటేడు వచ్చిందట ఆ పియానో. మా అమ్మ ఒక్కనాడు చెప్పలేదు. ఎప్పుడు ఫోను చేసినా, బాగానే ఉన్నాం, నువ్వు తిన్నావా, అంతే. చచ్చిపోయేదాకా అంతే." ఆవిడ ఒళ్లో పట్టు కుచ్చిళ్లు గుప్పిట్లో నలిపేస్తోంది. "మా అమ్మకి ఈత రాదే, గ్యేసున్. నీళ్లంటే భయం. పీతలకి కూడా మోకాలి లోతు దాటి దిగేది కాదు. ఆవిడ అందరికంటే ముందు ఎందుకు దిగిందే? ముక్కూ మొహం తెలియని ఎవడికో ఈ సంగతి తెలిసింది, కడుపున పుట్టినదానికి నాకు తెలియలేదు."

గ్యేసున్ దువ్వెన పెట్టేసి ఆవిడ భుజాలు పట్టుకుంది. ఇద్దరికీ కళ్లనీళ్లొచ్చాయి.

"ఆ రోజు మళ్లీ మళ్లీ చదివించింది నేను" అంది మున్‌సమ్ అక్క. "గంట మోగినా చదివించింది నేను. ఇన్నాళ్లలో నువ్వొక్కసారి ఆ మాట నా మొహాన కొట్టలేదు."

"కొడితే నీ జుట్టు తిరిగొస్తుందా?"

"రాదు. కానీ నేనైతే కొట్టేదాన్ని" అంది అక్క. ముక్కు చీది, వీపు నిటారుగా పెట్టింది. "ఊఁ, పుస్తకం తియ్యి."

"ముందు మంచి పుస్తకమను."

"జుట్టంతా పోగొట్టుకుని కూడా అడుగుతున్నానంటే ఇంకా అనాలటే? నోరు మూసుకుని చదువు. ఈసారి మాడ్డానికి ఏమీ లేదు కూడా."

గ్యేసున్ చివరిసారి మెడ మీద వెంట్రుకలు దులిపింది. అద్దంలో పొట్టి తెల్లజుట్టు, నీలం పట్టు, ఎత్తిన గడ్డం. మున్‌సమ్ అక్క తనని తాను ఒకసారి పైనించి కిందికి చూసుకుని, "బాగానే ఉన్నాను" అంది, వేరే ఎవరి గురించో చెప్పినట్టు. గ్యేసున్ అలమర దగ్గరకి పోయి పుస్తకం తెచ్చి, పరుపు మీద కాకుండా ఈసారి అక్క ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

హారను మళ్లీ మోగింది. ఈసారి రెండుసార్లు, పొడుగ్గా. కాసేపటికి పెద్దకొడుకే తలుపు తోసుకొచ్చాడు, మెడలో టై వేలాడుతోంది. తల్లి తల చూసి నోరు తెరిచి, ఆ సంగతి తర్వాత అనుకున్నట్టు మూసేశాడు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను, లే! హాలు మనకిచ్చిన టైము దాటిపోతుంది. మన వెనక ఇంకో పెళ్లి ఉంది. తమ్ముడు ఇప్పటికే నాలుగుసార్లు ఫోను చేశాడు."

మున్‌సమ్ అక్క కుర్చీలోంచి కదల్లేదు. పక్క కుర్చీ చూపించింది.

"మీ అమ్మమ్మ మెడలోతు నీళ్లలో పియానో పట్టుకుని నిలబడి ఉందిరా. ఆవిడ ఒడ్డుకి చేరేదాకా నేను రాను. నువ్వూ కూర్చుని విను."